వాన తగ్గలేదు, ఇన్‌ఫ్లో తగ్గింది: హిమాయత్ సాగర్ లెక్క

ఒక రిపోర్టు కోసం మా ముందుకొచ్చిన ప్రశ్న చూడ్డానికి చిన్నదే. హిమాయత్ సాగర్‌కు మునుపటిలా నీళ్లు రావడం లేదు. వానలు తగ్గడం వల్లా, లేక పైన పరివాహక ప్రాంతంలో ఏదైనా మారడం వల్లా? మొదటిదైతే మంచి వానాకాలాలు వస్తే సర్దుకుంటుంది. రెండోదైతే ఎంత మంచి వాన పడ్డా పాత లెక్క తిరిగి రాదు. జలాశయం మీద ఆధారపడి ప్లాన్ వేసేవాళ్లకు ఈ రెండింటికీ ఉన్న తేడా చాలా పెద్దది.

తెలియనివాళ్ల కోసం కొంచెం నేపథ్యం. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేశాక, విశ్వేశ్వరయ్య సలహా మేరకు నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. మొదటిదాని నిల్వ సామర్థ్యం 3.9 టీఎంసీలు, రెండోదానిది 2.97. పరివాహక ప్రాంతాలు మాత్రం తిరగబడి ఉంటాయి: ఉస్మాన్ సాగర్‌ది సుమారు 738 చదరపు కిలోమీటర్లు, హిమాయత్ సాగర్‌ది 1,300 పైచిలుకు. వరద ఆపడానికి కట్టినవే దశాబ్దాల పాటు నగరానికి తాగునీళ్లిచ్చాయి.

మిల్లీమీటర్లలో చూస్తే

లెక్క మొదలుపెట్టే ముందు నేనెప్పుడూ చేసే పని, టీఎంసీలను మిల్లీమీటర్లలోకి మార్చడం. టీఎంసీ అంటే 28.3 మిలియన్ ఘనపు మీటర్లు. దాన్ని హిమాయత్ సాగర్ పరివాహక ప్రాంతమంతటా పరిస్తే 21.6 మిల్లీమీటర్ల మందం వస్తుంది. అంటే జలాశయం అడుగు నుంచి అంచు దాకా నిండడానికి కావలసింది 64 మిల్లీమీటర్ల పారుడు నీరు మాత్రమే.

ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన పడి, అందులో పది శాతం వాగులోకి వచ్చిందనుకుందాం. 75 మిల్లీమీటర్లు, సుమారు మూడున్నర టీఎంసీలు. అదే వానలో ఐదు శాతమే వస్తే ఒకటి ముప్పావు టీఎంసీలకు కొంచెం అటూ ఇటూ. వాన ఒక్క చుక్క తగ్గలేదు, నేల తాగేసిన వాటా 90 శాతం నుంచి 95 శాతానికి పెరిగింది, ఇన్‌ఫ్లో సగమైపోయింది. ఈ అంకెలు ఊహకు తీసుకున్నవే గానీ, ఇలాంటి మెట్ట ప్రాంతాల స్వభావం అదే. ప్రవాహం అంటే నేలా, చెట్లూ, బోర్లూ, కుంటలూ తాగగా మిగిలింది. మిగులు ఎప్పుడూ చిన్నది కాబట్టి ఖర్చులో చిన్న మార్పు దాన్ని తలకిందులు చేస్తుంది.

అందుకే ఇన్‌ఫ్లో ఒక్కదాన్నే తీసుకుని ట్రెండ్ టెస్ట్ చేస్తే మా ప్రశ్నకు జవాబు రాదు. మాన్-కెండల్ టెస్ట్ పెడితే ‘తగ్గుతోంది’ అని తేలుతుంది. అది వాన వల్లా కాదా అన్నది అందులో ఉండదు. మేం పరీక్షించాల్సింది వానకూ ఇన్‌ఫ్లోకూ మధ్య ఉన్న సంబంధాన్ని.

ఇన్‌ఫ్లో ఎవరూ కొలవలేదు

ఈ విషయం చాలామంది రిపోర్టుల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం కేసు మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే. ఇలాంటి జలాశయాల పాత రికార్డుల్లో ‘ఇన్‌ఫ్లో’ అని ఉండేది వాగులో మీటరు పెట్టి కొలిచింది కాదు. రోజూ నీటిమట్టం చూస్తారు. మట్టాన్ని కెపాసిటీ టేబుల్‌తో నిల్వగా మారుస్తారు. నిల్వలో తేడాకు నగరానికి తోడిన నీళ్లు, గేట్ల ద్వారా వదిలినవి, ఆవిరైనవి కలుపుతారు. వచ్చిన మొత్తమే ఇన్‌ఫ్లో. అంటే మన ‘కొలత’లో మరో నాలుగు కొలతల తప్పులు కలిసి ఉంటాయి.

వీటిలో ప్రమాదకరమైనది కెపాసిటీ టేబుల్. చెరువులో పూడిక చేరుతూ పోతుంది, టేబుల్ మాత్రం పాతదే ఉంటుంది. అప్పుడు మట్టం ఒక అడుగు పెరిగితే టేబుల్ చెప్పే నీళ్లు నిజంగా వచ్చినదానికంటే ఎక్కువ. అంటే వానాకాలపు ఇన్‌ఫ్లోను ఎక్కువ చేసి చూపిస్తుంది, తగ్గుదలను కొంత కప్పేస్తుంది. ఇక్కడి దాకా ఫరవాలేదు, తప్పు మన వాదనకు ఎదురుగానే పనిచేస్తోంది. చిక్కు ఎక్కడంటే, ఏదో ఒక ఏడాది కొత్త సర్వే చేసి టేబుల్ మారుస్తారు. ఆ ఏడాది నుంచి లెక్కలోని ఇన్‌ఫ్లో ఒక్కసారిగా తగ్గుతుంది. గణాంక పరీక్షకు అది అచ్చంగా పరివాహక ప్రాంతంలో వచ్చిన మార్పులాగే కనిపిస్తుంది. కాబట్టి టెస్టుల జోలికి వెళ్లకముందే టేబుల్ మారిన తేదీలు, వర్షమాపక కేంద్రాలు జరిపిన తేదీలు, మూతపడ్డవీ కొత్తగా పెట్టినవీ ఒక కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఏ పరీక్ష ఏ ఏడాదిని పట్టుకున్నా ముందు ఆ కాగితం చూడాలి.

వాన విషయంలో సగటు తీసేటప్పుడు ఎప్పుడూ ఒకే కేంద్రాలు ఉండాలి. మధ్యలో కేంద్రాలు మారితే సగటు కూడా మారుతుంది. ఏడాదిని జనవరి నుంచి కాకుండా జూన్ నుంచి మే దాకా తీసుకున్నాం, ఒక వానాకాలమూ, దాని తర్వాత పారే నీరూ ఒకే ఏడాదిలో పడాలి కాబట్టి.

డబుల్ మాస్ కర్వ్ మీద నా అభిప్రాయం

మన ఇంజనీర్లకు ఇష్టమైన సాధనం ఇది. ఒక అక్షం మీద కూడుతూ పోయిన వాన, రెండో దాని మీద కూడుతూ పోయిన ఇన్‌ఫ్లో. సంబంధం మారకపోతే గీత తిన్నగా పోతుంది, మారితే వంగుతుంది. కంటికి బాగుంటుంది, మీటింగులో చూపించడానికి ఇంకా బాగుంటుంది.

రుజువుగా మాత్రం దాన్ని నేను ఒప్పుకోను. కూడికలతో గీసిన ఏ రెండు గీతలైనా దాదాపు తిన్నగానే ఉంటాయి, గీత ఎంత బాగా అతికిందో చెప్పే ఆర్-స్క్వేర్ 0.99 వస్తుంది, దానికి అర్థం లేదు. వరసగా రెండు మూడు ఏళ్లు యాదృచ్ఛికంగా ఒకవైపు వాలినా వంపు కనిపిస్తుంది, ఎందుకంటే కూడికలో ఒక ఏడాది తప్పు తర్వాతి ఏళ్లన్నింటికీ మోయబడుతుంది. పైగా అది ఒక నిష్పత్తిని నమ్ముతుంది: వాన రెట్టింపైతే ఇన్‌ఫ్లో రెట్టింపు. మన వాగులు అలా ప్రవర్తించవు.

మరో పొరపాటు కూడా ఇక్కడే జరుగుతుంది. పక్కనే ఉంది కదా అని ఉస్మాన్ సాగర్‌ను పోలికకు పెట్టి హిమాయత్ సాగర్ గీత గీస్తారు. అది తిన్నగా వస్తుంది, ‘ఏమీ మారలేదు’ అంటారు. రెండు పరివాహక ప్రాంతాల్లోనూ ఒకేసారి బోర్లు పెరిగి, ఒకేసారి చెక్ డ్యాములు లేస్తే, రెండూ కలిసి తగ్గుతాయి, గీత తిన్నగానే ఉంటుంది. పోలికకు పెట్టేది మార్పు తగలనిదై ఉండాలి. మెట్ట తెలంగాణలో అలాంటి వాగు దొరకడం కష్టం, అందుకే మేం వాననే పోలికగా ఉంచుకున్నాం.

రిగ్రెషన్, అందులోని వంకర

ఇన్‌ఫ్లోను వాన మీద రిగ్రెస్ చేసి, అంటే ఎంత వానకు ఎంత ఇన్‌ఫ్లో వస్తుందో చెప్పే గీత గీసి, తొలి కాలానికీ మలి కాలానికీ గీతలు వేరుగా ఉన్నాయా అని చూడడం సూటి మార్గం. 1960లో ఆర్థికవేత్త చౌ ప్రతిపాదించిన టెస్టు ఇదే పని చేస్తుంది. కానీ సంబంధం సరళరేఖ కాదు. 500 మిల్లీమీటర్ల ఏడాదికీ 600 మిల్లీమీటర్ల ఏడాదికీ ఇన్‌ఫ్లోలో తేడా కొంచెమే. 900కూ 1,000కీ మధ్య తేడా చాలా ఎక్కువ. నేల తడిసి, కుంటలు నిండాకే వాగు పారుతుంది మరి.

ఇప్పుడు మొదటి కాలంలో తడి ఏళ్లు ఎక్కువ, రెండో కాలంలో కరువు ఏళ్లు ఎక్కువ అనుకోండి. వంకరగా ఉన్న ఒకే సంబంధం మీద రెండు సరళరేఖలు గీస్తే అవి వేర్వేరుగా వస్తాయి. ఏమీ మారకుండానే మార్పు దొరికేస్తుంది. మన రికార్డులో ఈ ప్రమాదం నిజంగానే ఉంది: 2002, 2004 దేశమంతా గుర్తుపెట్టుకున్న కరువు ఏళ్లు. రికార్డు 2004తో ఆగిపోతే చివరంతా పొడిగా ఉంటుంది.

అందుకే ముందు ఇన్‌ఫ్లోను మార్చుకోవాలి. లాగ్ తీయడం మామూలే గానీ, అసలు నీళ్లు రాని ఏళ్లలో ఇన్‌ఫ్లో సున్నా, దానికి లాగ్ లేదు. వర్గమూలం ఇక్కడ బాగా పనిచేస్తుంది, దాన్ని పోలిన బాక్స్-కాక్స్ అనే మార్పిడి కూడా. మార్చాక మిగిలిన శేషాల్లో, అంటే గీత చెప్పినదానికీ నిజంగా వచ్చినదానికీ మధ్య తేడాల్లో, వంకర లేదని కంటితో చూసుకుని, అప్పుడే ముందుకు పోవాలి.

ఇంకో ప్రశ్న ఎవరైనా అడగాల్సిందే: ఏడాది మొత్తం వాన మారకపోయినా, వాన పడే తీరు మారితే? 750 మిల్లీమీటర్లు నలభై చిన్న జల్లులుగా పడితే వాగు కదలదు, నాలుగు గట్టి వానలుగా పడితే గేట్లెత్తాలి. కాబట్టి మొత్తం వానతో పాటు పెద్ద వానలు పడ్డ రోజుల వాన మొత్తాన్ని వేరే చలరాశిగా పెట్టాం. కిందటేడు వానను కూడా చేర్చాం, నేలకూ భూగర్భానికీ జ్ఞాపకం ఉంటుంది. ఇవన్నీ చేర్చాక కూడా కాలంతో పాటు శేషం కిందికి జారుతూనే ఉంటే, అప్పుడు వాన మీద నింద వేయడానికి వీల్లేదు.

ఈ పరివాహక ప్రాంతం మీద 1980 నుంచి 2004 దాకా డేటాతో ప్రచురితమైన పరిశోధన చెప్పింది కూడా అదే: వానలో చెప్పుకోదగ్గ ట్రెండ్ లేదు, ఆవిరయ్యే సామర్థ్యంలోనూ లేదు, ప్రవాహం మాత్రం స్పష్టంగా తగ్గింది. మా లెక్క దిశ కూడా దానికి భిన్నంగా రాలేదు.

ఒక టెక్నికల్ మాట. ముందు వాన ప్రభావం తీసేసి, మిగిలిన శేషం మీద ట్రెండ్ టెస్ట్ చేసే రెండు మెట్ల పద్ధతి చాలా రిపోర్టుల్లో కనిపిస్తుంది. వానకూ కాలానికీ ఏ కొంచెం సంబంధం ఉన్నా అది మార్పులో కొంత భాగాన్ని మొదటి మెట్టులోనే మింగేస్తుంది. వాననూ కాలాన్నీ ఒకే సమీకరణంలో పెట్టడం మేలు.

ఏ ఏడాది విరిగింది?

రిపోర్టు చదివే ప్రతి ఒక్కరూ అడిగేది ఇదే, నాకు అంతగా నచ్చనిదీ ఇదే. చౌ టెస్టుకు తేదీ ముందే తెలిసుండాలి. తెలియనప్పుడు జనం చేసే పని, ప్రతి ఏడాదినీ ప్రయత్నించి ఎక్కువ స్కోరు వచ్చినదాన్ని పట్టుకుని, అది యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో చెప్పే పీ వాల్యూను మామూలు పట్టికలో చూసుకోవడం. ఇది తప్పు. ఇరవై తలుపులు తట్టి ఒకటి తెరుచుకుందంటే అందులో వింతేముంది? ఒక్క గుణకం మారిందా అని చూసేటప్పుడు, తేదీ ముందే తెలిస్తే స్కోరు దాటాల్సిన ఐదు శాతం హద్దు 3.84. తేదీని డేటాలోనే వెతికితే ఆ హద్దు సుమారు 8.7కు పోతుంది. ఆండ్రూస్ 1993లో ఈ పట్టికలు ఇచ్చాడు. 3.84కూ 8.7కూ మధ్య పడ్డ ఎన్ని ‘బ్రేక్ పాయింట్లు’ మన రిపోర్టుల్లో తిరుగుతున్నాయో!

పట్టికల మీద ఆధారపడకుండా ఒక సులువైన దారి ఉంది. ప్రతి ఏడాది వాన, ఇన్‌ఫ్లో జంటను విడదీయకుండా ఉంచి, ఏళ్ల వరసను మాత్రం కలిపేయాలి. కాలంతో సంబంధం మారలేదన్నది నిజమైతే వరస ఎలా ఉన్నా ఒకటే. అలా పదివేలసార్లు కలిపి, ప్రతిసారీ అతిపెద్ద స్కోరును రాసుకుని, అసలు వరసలో వచ్చిన స్కోరు ఆ గుంపులో ఎక్కడుందో చూడాలి. మామూలు ల్యాప్‌టాప్ మీద నిమిషాల పని. ఒక్క జాగ్రత్త: పక్కపక్క ఏళ్ల శేషాలు ఒకదానికొకటి పోలి ఉంటే విడి ఏళ్లను కాకుండా రెండు మూడేళ్ల ముక్కలను కలపాలి. ఆ పోలికను చిన్నచూపు చూడకూడదు. 25 ఏళ్ల డేటాలో పక్క ఏళ్ల సహసంబంధం 0.3 ఉంటే, సగటును అంచనా వేసే విషయంలో మన చేతిలో ఉన్నది పదమూడు, పద్నాలుగు ఏళ్ల సమాచారమే.

ఇంత చేసి తేదీ దొరికినా దాని అర్థం ఏమిటి? బోర్లు ఒక్క ఏడాదిలో పడలేదు. చెక్ డ్యాములు ఒక్క ఏడాదిలో లేవలేదు. మార్పు 1980 నుంచి 2004 దాకా నిలకడగా, ఏడాదికి ఇంత చొప్పున జరిగిందనుకోండి. అలాంటి ఏటవాలు మీద ‘మెట్టు ఎక్కడుంది?’ అని అడిగే పరీక్ష పెడితే, అది చూపించేది సరిగ్గా మధ్యనున్న 1992ను. మార్పు తేదీని వెతికే పెట్టిట్ టెస్టు అయినా, చౌ స్కోరు అయినా అంతే. 1992లో ఏం జరిగిందని వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదు, దాన్నే కారణమని రాసేస్తారు. పరీక్ష చేసింది ఏటవాలును రెండుగా కోయడం మాత్రమే. అందుకే మెట్టు మోడల్‌నూ, ఏటవాలు మోడల్‌నూ పక్కపక్కన పెట్టి ఏది డేటాకు బాగా అతుకుతుందో చూడాలి. పాతికేళ్ల డేటాలో చాలాసార్లు రెండూ సమానంగానే అతుకుతాయి. అప్పుడు రిపోర్టులో ఏడాది పేరు రాయకూడదు, ‘ఈ దశాబ్దాల్లో’ అని రాయాలి. రిపోర్టు తెప్పించుకున్నవాళ్లకు ఇది నచ్చదు, ఒక తేదీ చెప్పమని ఒత్తిడి చేస్తారు. మేం రాయలేదు.

కారణాల దగ్గర

ఇక్కడ కారణాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎనభైల నుంచి సబ్‌మెర్సిబుల్ మోటార్లతో బోరు సాగు పెరుగుతూ వచ్చింది. 1994 నాటి హనుమంతరావు కమిటీ సిఫార్సులతో వచ్చిన వాటర్‌షెడ్ (వాన నీటిని ఎక్కడికక్కడ ఆపే పనుల) మార్గదర్శకాలు 1995లో అమల్లోకి వచ్చాయి. 2000లో నీటి సంరక్షణ కార్యక్రమం నీరు-మీరు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు. ఇవన్నీ ఒకే దిశలో, ఒకే కాలంలో. రిగ్రెషన్‌లో వీటిని విడివిడి చలరాశులుగా పెట్టి ‘బోర్ల వాటా ఇంత, కుంటల వాటా ఇంత’ అని తేల్చడం కుదరదు. అన్నీ కలిసి పెరుగుతుంటే గణితానికి వాటిని వేరుచేసే దారి లేదు.

కానీ సంబంధం ఎలా మారిందన్నది కొంత చెబుతుంది. చెక్ డ్యాములు, కుంటలు తమ పట్టు మేరకు మొదటి నీళ్లు ఆపుతాయి, నిండాక మిగతాది వదిలేస్తాయి. వాటి ప్రభావం పొడి ఏళ్లలోనూ, వానాకాలం మొదట్లోనూ ఎక్కువగా, బాగా తడి ఏడాదిలో తక్కువగా ఉండాలి. భూగర్భ జలం లోతుకు పోతే మొదట మాయమయ్యేది వానలు ఆగాక వాగులో సన్నగా పారే నీరు. కాబట్టి జూన్-అక్టోబరు ఇన్‌ఫ్లోనూ నవంబరు తర్వాతి ఇన్‌ఫ్లోనూ విడదీసి, రెండింటికీ వేర్వేరుగా పరీక్షలు చేయడం ఏడాది మొత్తం మీద చేసినదానికంటే ఎక్కువ చెబుతుంది. వానాకాలం తర్వాతి నీరు మొదట పడిపోయిందా, వర్షపు ప్రవాహమా అన్నది బోర్లకూ కట్టడాలకూ మధ్య ఒక ఆచూకీ.

తడి ఏడాది సంగతి 2020 చూపించింది. ఆ అక్టోబరు కుండపోతకు హిమాయత్ సాగర్ గేట్లెత్తారు. ‘చూశారా, ఏమీ మారలేదు, నీళ్లొస్తున్నాయి’ అన్నవాళ్లున్నారు. ఆ ఒక్క ఏడాది చెప్పేది ఒకటే: అన్నీ నిండిపోయే వాన పడితే పాత గీత, కొత్త గీత దగ్గరవుతాయి. మామూలు ఏళ్లలో అవి ఎంత దూరంలో ఉన్నాయన్నది వేరే సంగతి. తాగునీటికి లెక్క వేసేది మామూలు ఏళ్ల మీద, పొడి ఏళ్ల మీద.

పక్కనున్న ఉస్మాన్ సాగర్ పరివాహకంలోనే కొత్తపల్లి ఉంది. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1999 నుంచి అక్కడ వాటర్‌షెడ్ పనులు చేసి చాలాకాలం కొలిచింది. ఊళ్లో భూగర్భ జలం పెరిగింది, పంటలు మెరుగుపడ్డాయి. అలాంటి పనులు పరివాహకమంతటా చేస్తే దిగువ జలాశయానికి వచ్చే నీరు ఎంత తగ్గుతుందన్నదాని మీద కూడా వాళ్లే అధ్యయనం చేశారు. పైన పొలంలో ఆగిన చుక్క కింద చెరువుకు రాదు. దీన్ని ‘నష్టం’ అని రాయడానికి నేను ఒప్పుకోను. నీళ్లు పోలేదు, చేతులు మారాయి.

విక్టోరియా గుర్తుచేసేది

ఒక అనుమానం చివరిదాకా ఉంచుకోవాలి: మనుషులు ఏమీ చేయకపోయినా సంబంధం మారగలదా? మారగలదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1997 నుంచి 2009 దాకా సాగిన మిలీనియం కరువు దీనికి పెద్ద ఉదాహరణ. అక్కడ ఆనకట్టలూ తోడకాలూ పెద్దగా లేని వాగుల్ని తీసుకుని చూశారు. అదే వానకు మునుపటికంటే తక్కువ నీరు రావడం చాలా చోట్ల కనిపించింది. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, కరువు ముగిసిన ఏడేళ్లకు కూడా 37 శాతం పరివాహకాల్లో పాత నిష్పత్తి తిరిగి రాలేదు. రాని వాటిలో సుమారు 80 శాతంలో త్వరలో కోలుకునే సూచన లేదు.

వాళ్లు వాడిన పద్ధతి నాకు నచ్చింది. విరిగిన తేదీ ఎక్కడని అడగకుండా, వాగుకు రెండు మూడు ‘స్థితులు’ ఉంటాయని, ఏ ఏడాది ఏ స్థితిలో ఉండే అవకాశం ఎంతని హిడెన్ మార్కోవ్ మోడల్‌తో లెక్కించారు. ఇందులో తిరిగి రావడానికీ చోటుంది. మెట్టు టెస్టులో ఆ చోటు లేదు, ఒకసారి విరిగిందంటే అంతే. హిమాయత్ సాగర్‌కు కూడా 2004 తర్వాతి ఏళ్లను చేర్చి ఇదే పద్ధతిలో చూడడం సరైన దారి. కరువు వల్ల జారిన స్థితి అయితే మంచి ఏళ్లు కొన్ని వరసగా వచ్చాక కనీసం కొంత పైకి రావాలి. బోర్ల వల్ల అయితే రాదు.

రిపోర్టులో చివరికి రాసిన విషయాలు నాలుగు మాటల్లో: వానతో వివరించలేని తగ్గుదల ఉంది. అది ఒక ఏడాదికి అంటగట్టేలా లేదు. దిశ గట్టిగా చెప్పగలం, పరిమాణం వెడల్పైన హద్దుల మధ్యే చెప్పగలం. పాత రికార్డు మొత్తాన్ని కలిపి తీసిన 75 శాతం డిపెండబుల్ ఈల్డ్‌ను, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు కనీసం వస్తుందని లెక్కేసుకునే నీటిని, ఇకపై వాడకూడదు, ఎందుకంటే అందులోని పాత ఏళ్లు ఇప్పుడు లేని పరివాహకానికి చెందినవి. పాత వాననంతా ఇప్పటి గీత మీద నడిపి కొత్త ఈల్డ్ తీయాలి. అలా తీస్తే వంద ఏళ్ల వాన రికార్డు వృథా కాదు, సంబంధం మాత్రం ఇటీవలిది అవుతుంది.

రిపోర్టు ఇచ్చాక వచ్చిన మొదటి ప్రశ్న వేరే దాని గురించి. జలాశయాల చుట్టూ నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో ఆంక్షలు ఎత్తేస్తే ఇన్‌ఫ్లో పెరుగుతుందా, తగ్గుతుందా అని. కాంక్రీటు పెరిగితే గట్టి వానకు పారేది పెరుగుతుంది, నాలాలు మూస్తే తగ్గుతుంది, వచ్చిన నీరు తాగడానికి పనికొస్తుందా అన్నది ఇంకొకటి. మా గీతలన్నీ పొలాలున్న పరివాహకం మీద గీసినవి. ఆ ప్రశ్నకు వాటిలో జవాబు లేదని రాసి పంపాం. మొయినాబాద్, శంషాబాద్ వైపు నుంచి వచ్చే పాయల మీద ఇప్పుడే కొలత కేంద్రాలు పెట్టాలని, కెపాసిటీ టేబుల్ ఎప్పుడు మార్చినా పాతదాన్ని పారేయకుండా కనీసం రెండేళ్లు రెండు టేబుళ్లతోనూ ఇన్‌ఫ్లో రాయాలని దానికి జత చేశాం.